ఊపిరి దూరని కుట్టు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, పడుకున్న పిల్ల నిద్రలోనే ఊపిరి మానేస్తుందేమోనని.

చెబితే అందరూ నవ్వుతారు. మా సోఫియాకు ఏ జబ్బూ లేదు. బొద్దుగా ఉంటుంది, కడుపునిండా పాలు తాగుతుంది, సందు చివరి దాకా వినపడేటట్టు ఏడుస్తుంది. అయినా అది పడుకున్న కాసేపటికి నా చేతిలో పని సాగదు. లేచి వెళ్ళి దాని ముక్కు కింద చూపుడువేలు పెడతాను. వెచ్చటి గాలి తగిలాక వచ్చి మళ్ళీ పనిలో కూర్చుంటాను. మా ఆయన డెన్నిస్ దీనికి మీటర్ రీడింగ్ అని పేరు పెట్టాడు. “రీడింగ్ తీసుకున్నవా? కరెంటు ఉన్నదా?” అని అడుగుతాడు పదిమంది ముందూ.

పోయిన చలికాలం, నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తున్న రోజుల్లో ఆ భయం మా ఇంట్లోంచి బయటికి నడిచి వేరే పిల్ల వెంట వెళ్ళిపోయింది. ఏ ఊళ్ళో ఉందో తెలియదు.

అబిడ్స్‌లో చెప్పుల షాపుల వెనక సందులో మా దుకాణం. పైన రెండు గదుల్లో మేము. బ్యాగులు, సూట్‌కేసులు, గొడుగులు, రెయిన్‌కోట్లు బాగుచేస్తాం. నాంపల్లి స్టేషన్లో రైలు దిగినవాళ్ళు ఊడిన చైను చేత్తో పట్టుకొని మమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. మిషను మీద మా అత్తమ్మ మాబెల్ కూర్చుంటుంది. చక్రాలు, పిడులు డెన్నిస్ చూసుకుంటాడు. నేను ఇంటర్ మొదటి ఏడు చదువుతుండగా మా అమ్మ మంచాన పడింది, చదువు అక్కడితో సరి. పెళ్ళయి వచ్చాక ఈ దుకాణంలోనే నేర్చుకున్నదంతా. పాత కుట్లు విప్పడం, చిల్లులు వెతకడం నా వంతు.

చిల్లులు వెతకడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దుకాణంలో దీపాలు ఆర్పేసి, వైరుకు కట్టిన బల్బు బ్యాగు లోపల పెట్టి వెలిగిస్తాం. వెలుతురు ఎక్కడ చుక్కలా కనబడితే అక్కడ చిల్లు. కుట్టి, కుట్టు మీద మైనం రుద్ది, మళ్ళీ బల్బు పెట్టాలి. లోపల అంత దీపం ఉన్నా బయటికి ఒక్క చుక్క కనబడకపోతే అత్తమ్మ కళ్ళద్దాలు తీసి ముక్కు నొక్కుకుంటూ అంటుంది: “ఇగ ఊపిరి గూడ దూరదు.” ఆ మాట ఆమె నోట వచ్చిందంటే పని అయినట్టు.

జనవరి మొదట్లో ఒక ట్రాలీ ఆటో నిండా ముడతలుపడిన రంగు గుడ్డలు వేసుకొని ఒక అబ్బాయి వచ్చాడు. పేరు ప్రణయ్. లక్డీకాపూల్‌లో చిన్న ఆఫీసు. శనివారాలు జనాన్ని అనంతగిరి వైపూ నర్సాపూర్ అడవి వైపూ తీసుకెళ్ళి, గుడారాల్లో పడుకోబెట్టి, పొద్దున ఇడ్లీలు పెట్టి తీసుకొస్తాడట.

“ఏంది బిడ్డా ఇయి? పెండ్లి టెంట్లా?” అంది అత్తమ్మ.

“పెండ్లియి కావాంటీ. పండుకునేటియి. అడివిల.”

“ఇండ్లు లెవ్వా వాళ్ళకు?”

“ఉన్నయి. పెద్ద పెద్ద ఫ్లాట్లు. ఆడికెల్లి పైసలిచ్చి మరీ వచ్చి అడివిల కింద పండుకుంటరు.”

అత్తమ్మ నా వైపు చూసింది. “విన్నవానే స్టెఫీ? మనం అనవసరంగ పైన స్లాబ్ ఏపిచ్చినం.”

ఎదురుగా చెక్క డబ్బాలో బట్టలు ఇస్త్రీ చేసే బాలకిషన్ కాక ఈ మాటకు పకపకా నవ్వాడు. ఆయనది బొగ్గుల ఇస్త్రీ పెట్టె. కరెంటుదానికి మడత నిలవదని ఆయన పట్టుదల.

ప్రణయ్ ఒక గుడారం పరిచి చూపించాడు. గోదాములో ఎలుకలు కొరికాయి. కొన్నిటికి పుల్లలు విరిగాయి, కొన్నిటికి చైన్లు పోయాయి. “మా పార్ట్‌నర్ కొత్తవి ఆర్డర్ పెడదామంటడు. నాకు మనసొప్పుతలేదాంటీ. ఇయన్ని ఎక్కడ పారేయాలె? అడివిని సూడుండ్రని జనాన్ని తోల్కపోతం, మల్ల మేమే గింత ప్లాస్టిక్ చెత్త చేస్తమా? బాగైతయా చెప్పుండ్రి.”

అత్తమ్మ గుడ్డను రెండు చేతులతో లాగి చూసింది. చెవి దగ్గర పెట్టుకొని గోటితో గీరింది. “గట్టిగనే ఉన్నది. దీన్ని పారేస్త అన్నోడు ఎవడు?”

“అయితే ఎక్కడెక్కడ చినిగిందో అక్కడంత మూసేయుండ్రి. పోయిన వారం ఒకామె రాత్రంత సలికి వణికి నాకు ఒక్క స్టారే ఇచ్చింది.”

“ఒక్క చుక్క ఏం చేసుకుంటవు బిడ్డా?”

“ఫోన్ల ఇస్తరాంటీ. ఒక్కటి ఇస్తే తిట్టినట్టు.”

ఆ పని నాకు నచ్చింది. బ్యాగులైతే వస్తాయి, పోతాయి. ఇవి మనుషులు లోపల పడుకునేవి. విరిగిన పుల్లలకు డెన్నిస్ పాత గొడుగు కాడల్లోంచి గొట్టాలు కోసి తొడిగాడు. పుల్లల లోపలి ఎలాస్టిక్ సాగిపోతే కొత్తది ఎక్కించాను. కాళ్ళనుంచి మెడదాకా మనిషి దూరే పరుపు సంచులను అత్తమ్మ మనుషుల బ్యాగులు అనేది. వాటిలో ఒకదాంట్లో సోఫియాను పెట్టి మెడదాకా చైను వేసి, “పార్సిలొచ్చింది, ఎవరిదిది?” అని గల్లీకి చూపించేది. నేను ఉరికి వెళ్ళి చైను కిందికి లాగేదాన్ని.

గుడారాలకు బల్బు పరీక్ష దుకాణంలో కుదరదు కదా. పొద్దుగూకే వేళ మేడ మీద నిలబెట్టి లోపల బల్బు వేలాడదీశాం. మొదటి గుడారం వెలిగేసరికి బాలకిషన్ కాక కింద నుంచి అరిచాడు. “ఏంది మాబెలమ్మా, నుమాయిష్‌ను నీ మేడ మీదికి తెచ్చినవా? టికెట్ ఎంత?”

“నీకు ఫ్రీనే, ఎక్కి రా!”

నేను చుట్టూ తిరుగుతూ చుక్కలు చూపిస్తున్నాను. ఇక్కడ అత్తమ్మా, ఇక్కడొకటి. ఆమె సుద్దముక్కతో గుర్తు పెడుతోంది. పైన నడినెత్తిన మాత్రం చుక్కలు కావు, పెద్ద పళ్ళెమంత వెలుగు.

“ఇదేంది, మాడ మీద గింత బొక్క?”

“జాలి. దోమలు రాకుండ కావచ్చు.”

“సలికాలం అడివిల దోమలేడియే? జాలి అంటేనే నూరు చిల్లులు. ఇగో, ఆమె వణికింది అంటే ఎందుకు వణకదు? మంచు సక్కగ మొకం మీదనే పడ్తది.”

జాలి మీద టోపీలాగా ఒక చిన్న గుడ్డ లేచి ఉంది. అత్తమ్మ దాన్ని కిందికి అణిచి, చుట్టూ రెండు వరసలు కుట్టేసింది. పక్కన కిటికీల్లాంటి జాలీలకు లోపలి నుంచి పారాచూట్ గుడ్డ వేసింది. ఆ జాలి కింద ఒక పసిదాన్ని పడుకోబెడితే ఎలా ఉంటుందో నేను తలుచుకున్నాను. ఇంకో వరస వేయమన్నాను. మూడోసారి బల్బు పెడితే గుడారం పుచ్చకాయలాగా నల్లగా నిలబడింది. అత్తమ్మ అద్దాలు తీసి ముక్కు నొక్కుకుంది. “ఇగ ఊపిరి గూడ దూరదు.”

అన్నీ అట్లాగే చేశాం. ప్రణయ్ ఒకదాంట్లో దూరి బయటికొచ్చి, “సూపరాంటీ! ఎంత ఎచ్చగున్నది!” అన్నాడు. ఒక నీలం గుడారాన్ని మాత్రం వదిలేశాడు. దాని నేల మొత్తం ఎలుకలు తినేశాయి. “దీన్ని బాగుచేసుడు దండుగ. మీరే అతుకుల ముక్కలకు వాడుకోండ్రి.”

అత్తమ్మకు అది నిద్ర పట్టనియ్యలేదు. నేలకు పాత ఫ్లెక్సీ తెచ్చింది, ఒక కోచింగ్ సెంటర్‌ది, ఇంటర్‌లో ర్యాంకులు వచ్చిన పిల్లల మొహాలతో. నేను మధ్యలో ఆపేసిన ఇంటర్‌ను ఆ మొహాలన్నీ దాటేశాయి అనుకుంటూ కత్తిరించాను. తలుపు పక్కన చిరుగుకు సూట్‌కేసు కవరు నుంచి నారింజ రంగు ముక్క వేసింది. మాడ మీద జాలి, పక్కల జాలీలు మూసింది. “చూడు, దండుగ అన్నడు పోరడు.”

ఆ ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వచ్చాక నుమాయిష్‌కు వెళ్ళాం. గేటు అవతల, గోడ వారగా ఒకామె బొగ్గుల మీద కంకులు కాలుస్తోంది. ఒళ్ళో మూటలాగా ఒక పాప, మా సోఫియా కంటే చిన్నది. చలికి దాని పెదాలు పొడిబారి ఉన్నాయి. వెనక గోడకు చినిగిన తాటిపత్రి కట్టి ఉంది. అత్తమ్మ కంకి కొరుకుతూ అడిగింది. “ఈడనే పండుకుంటరా, పిల్లను ఏసుకొని?”

“ఔనమ్మా. గాలొస్తే తాటిపత్రి మీదికెల్లి లేచిపోతది. ఈయన దాని మీద కూసుంటడు.”

ఆమె పేరు రాణి. ఆమె మొగుడి పేరు బీరయ్య. మరునాడే అత్తమ్మ డెన్నిస్‌తో నీలం గుడారం పంపింది. డెన్నిస్ పుల్లలు దూర్చి నిలబెట్టి చూపించి, సంచి నిండా కాల్చిన కంకులు మోసుకొచ్చాడు. “ఇల్లే ఇచ్చిన్రు అన్నా అని ఒకటే ఏడుపు, అమ్మా,” అన్నాడు.

ఆ తరవాత రాణి అప్పుడప్పుడూ మధ్యాహ్నం ఫోను చార్జింగ్ పెట్టుకోవడానికి మా మెట్ల మీదకు వచ్చి కూర్చునేది. నా పిల్ల అప్పటికి సగం బాబిన్లు దొర్లించి, ఒక గొడుగు విప్పి, ఏడుపు లంకించుకునేది. రాణి పిల్ల ఒళ్ళో ఆదమరిచి నిద్రపోతూ ఉండేది. నాకు కొంచెం అసూయే పుట్టింది.

“నీ బిడ్డ ఎప్పుడు చూసినా పండుకోనే ఉంటదేందే?”

“గుడారమొచ్చినంక మంచిగ పడ్తున్నదక్కా నిద్ర. అంతకుముందు రాత్రంత సలికి కీ కీ అని ఏడ్సేది. ఇప్పుడు కంకులు కాల్సంగ మిగిలిన నిప్పులు ఇనుప చట్టిల ఏసి లోపల పెట్టుకుంటున్నం. ఎచ్చగుంటది. పొద్దెక్కేదాంక కండ్లు తెరవది.”

“మా దానికి గూడ జర నేర్పియ్యరాదు.”

“పంపియ్యి, రెండు రోజుల్ల సక్కగైతది!” రాణి నవ్వి, నుదురు నొక్కుకుంది. “నాకే, లేవంగనే తల దిమ్మంటది. కడుపుల తిప్పుతది. నుమాయిష్ మైకుల లొల్లికి గావచ్చు.”

“చాయ్ తాగు, పోతది,” అంది అత్తమ్మ.

ఇంకోసారి వచ్చినప్పుడు గుడారాన్నే మూటకట్టి నెత్తిన పెట్టుకొచ్చింది. తలుపు చైను అడుగున పట్టుకోవడం లేదట. జానెడు సందు ఉండిపోతోంది. చలిగాలంతా అక్కడి నుంచే. బీరయ్య ఆ సందులో ఉల్లిగడ్డల సంచి కుక్కుతున్నాడట.

“మొదటికెల్లి అట్లనే ఉందా? మొన్ననే చెప్పొద్దా?” అత్తమ్మకు రోషం వచ్చింది, తన చేతి పనిలో లోటు మిగిలిపోయిందని. ఉన్న బ్యాగులన్నీ పక్కన పెట్టి, రన్నర్ మార్చి, పళ్ళు పోయినచోట కొత్త చైను ముక్క అతికి కుట్టింది. మైనం రుద్ది పైకీ కిందికీ లాగింది. వెన్నలాగా జారింది.

“ఇగ ఊపిరి గూడ దూరదు. పో.”

రాణి ఆమె కాళ్ళకు మొక్కబోయింది. అత్తమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. “మాకు అవన్ని లెవ్వు. పిల్ల జాగర్త.”

“రెండు మూడ్రోజులల్ల పోతున్నమమ్మా. మా దేవుని జాతర ఉన్నది. ఆడ గిరాకి మంచిగైతది. బిడ్డకు గూడ ఆడనే పేరు పెట్టాలె. ఇప్పటిదాంక చిట్టి, చిట్టి అనుడే.”

ఏ దేవుడని, ఏ జాతరని నేను అడగలేదు. మాది చర్చి. అడిగితే ఏమనుకుంటుందో, చెబితే నాకేం తెలుస్తుందో అనిపించి ఊరుకున్నాను.

మరునాడు తెల్లవారేసరికి ముసురు పట్టింది. జనవరిలో వాన ఏమిటని అందరూ ఆకాశాన్ని తిట్టుకుంటున్నారు. బాలకిషన్ కాక ఇస్త్రీ బట్టలు తడుస్తాయని డబ్బా తలుపుచెక్క దించేసి లోపల కూర్చున్నాడు. పదకొండు దాటాక ఎవరో చీరలు ఇవ్వడానికి వచ్చి పిలిస్తే పలకలేదు. డెన్నిస్ వెళ్ళి చెక్క ఎత్తాడు. కాక బట్టల మూట మీద తల పెట్టుకొని ఉన్నాడు. మొహం ఎర్రగా, హాయిగా పడుకున్నట్టే ఉంది. కదిపితే కదల్లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి బయటికి ఈడ్చారు. వానలో పడుకోబెట్టగానే వాంతి చేసుకున్నాడు. ఆటోలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయారు.

సాయంత్రానికి ఆయన తిరిగొచ్చాడు. శాలువా కప్పుకొని మా మెట్ల మీదే కూర్చున్నాడు. అత్తమ్మ చాయ్ ఇచ్చింది. నేను మిషను దగ్గర సూదిలో దారం ఎక్కిస్తున్నాను. సోఫియా కింద గోనెపట్టా మీద పడుకొని ఉంది.

“పరేషాన్ చేసినవు కాకా. ఏమైంది అసలు?” అన్నాను.

“ఏం కాలే బిడ్డా. అదే ఫికర్ నాకు. నొప్పి లేదు, దమ్ము లేదు. సలికి చెక్క దించిన. ఎచ్చగుండె. నిద్ర మంచిగ పట్టింది.”

దారం సూదిలోకి పోలేదు. తడి చేసి మళ్ళీ పెట్టాను.

“బొగ్గుల గాలట,” అన్నాడు డెన్నిస్. “మూసిన జాగల నిప్పులు పెడితే ఆ గాలి ఎటు పోదు. వాసన రాదు, కండ్లు మండవు. ముందు తల దిమ్మంటదట, కడుపుల తిప్పుతదట. ఇంక జరసేపైతే లేచుడే లేకుండెనని డాక్టరమ్మ అన్నది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టిన్రు. పైన ఒక సందున్నా ఏం కాకపోవునట.”

నేను దారం కింద పెట్టాను. వంగి సోఫియా ముక్కు కింద వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది. అయినా వేలు తీయబుద్ధి కాలేదు.

“అత్తమ్మా, రాణి.”

“ఏమైందే రాణికి?”

“మాడ మీద జాలి మూసినం.”

“మూసినం. అయితే?”

“పక్కలకు గూడ మూసినం. ఒక్క చైను కాడనే సందుండె.”

అత్తమ్మ చాయ్ కప్పు పట్టుకొనే నిలబడింది. నిన్న చైను జారిన వేళ్ళ వైపు చూసుకుంది. “గా చైను...” అని ఆగిపోయింది.

బీరయ్య నంబరు డెన్నిస్ దగ్గర ఉంది, ఒకసారి రీచార్జ్ చేసినందుకు. కొడితే స్విచాఫ్ అని వచ్చింది. “వాళ్ళ ఫోన్ల చార్జింగ్ ఎప్పుడుంటది గనక? నువ్వు ఆగు, వాన తగ్గనీ, పోదాం,” అంటున్నాడు. “నీకు ఎప్పుడు...” అని ఇంకేదో అనబోయి మానుకున్నాడు. సోఫియాను అత్తమ్మ ఒళ్ళో పెట్టి నేను అప్పటికే వీధిలో ఉన్నాను.

అబిడ్స్ నుంచి నుమాయిష్ మైదానం ఎంత దూరం? రోజూ తిరిగే దారే. ఆ సాయంత్రం ఆ దారి సాగదీసిన ఎలాస్టిక్‌లా అయింది. స్టేషన్ రోడ్డు మీద ఆటోలు, మెట్రో స్తంభాల కింద నీళ్ళు, గేటు దగ్గర గొడుగుల గుంపు. లోపల పెద్ద చక్రం తిరుగుతూనే ఉంది. డెన్నిస్ బండి మీద వచ్చి నన్ను గేటు దగ్గర కలుసుకున్నాడు.

గోడ వారగా గుడారం లేదు. నాలుగు ఇటుకలు, తడిసిన బూడిద, కంకుల బెండ్లు. పక్కన పీపీలు, గాలిబుడగలు అమ్మే ఆమె నెత్తిన పాలిథిన్ కవరు కప్పుకొని కూర్చుంది.

“పొద్దుగాల్నే పోయిన్రు. వానకు గిరాకి ఏడిది? జాతరకే పోతమన్నరు.”

“ఏ జాతర?”

“నాకేమెరుక? వాళ్ళ దేవుడు.”

“పాప మంచిగున్నదా? నువ్వు చూసినవా?”

“చూసిన. సంకల ఉండె.”

“లేచి ఉండెనా?”

ఆమె నన్ను వింతగా చూసింది. “పండుకున్నది. పసిపోరి గదా, పండుకోదా?”

తడి బూడిద మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఎందుకు పెట్టానో తెలియదు. డెన్నిస్ స్టేషన్ లోపలికి వెళ్ళి ప్లాట్‌ఫారాలన్నీ తిరిగి వచ్చాడు. నేను అక్కడే నిలబడి ప్రణయ్‌కు ఫోన్ చేసి బొగ్గుల గాలి సంగతి చెప్పాను.

“అక్కా, మేము టెంటు లోపల నిప్పు పెట్టనియ్యం. అందరికి చెప్తం,” అన్నాడు తేలిగ్గా. తరవాత, “ఒక్క నిమిషం. పైన జాలి మూసిన్రా? మొత్తమా?” అన్నాడు.

“చినిగినకాడంత మూసేయమన్నవు గద.”

“నేను పైకి చూడనేలే అక్కా. ఎచ్చగున్నదని సంబరపడ్డ.” ఆ వారం అతను క్యాంపు ఆపేసి గుడారాలన్నీ వెనక్కి తెచ్చి పడేశాడు.

అత్తమ్మ వాటిని నన్ను ముట్టనివ్వలేదు. తనే కూర్చొని, తాను వేసిన కుట్లు తానే విప్పింది. ఆ మైనం కుట్టు విప్పడం మాటలు కాదు. ఆమె గోళ్ళు చిట్లాయి. కొత్త దోమతెర గుడ్డ తెచ్చి జాలీలు వేసింది, టోపీ గుడ్డలు లేపి నిలబెట్టింది. సాయంత్రం మేడ మీద మళ్ళీ బల్బు వేలాడదీసి నన్ను పిలిచింది.

“మాడ మీద వెలుగు కనపడ్తున్నదా?”

“కనపడ్తున్నది అత్తమ్మా.”

“మంచిగ చూడు.”

“కనపడ్తున్నది.”

కింద బాలకిషన్ కాక తలెత్తి చూశాడు గాని టికెట్ ఎంత అని అడగలేదు.

ఆ నెలా, తరవాతి నెలా డెన్నిస్ ఆదివారాలు చర్చి మానేసి జాతరలు తిరిగాడు. కొమురవెల్లి పోయాడు, ఐనవోలు పోయాడు, శివరాత్రికి ఏడుపాయలు, కీసరగుట్ట. కంకులు కాల్చే ప్రతి పొగ దగ్గరా బండి ఆపాడట. రాణీలు దొరికారు, బీరయ్యలు దొరికారు, మావాళ్ళు కారు. ఒకచోట నీలం గుడారం చూసి పరుగెత్తితే అది పోలీసులది. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే సోఫియా దగ్గరకు వెళ్ళి వంగేవాడు. ఇప్పుడు మా ఇంట్లో మీటర్ రీడింగ్ ఆయనే తీస్తాడు. నవ్వడు.

బీరయ్య నంబరు ఇప్పుడు ఉపయోగంలో లేదని చెబుతోంది. నంబరు మార్చుకొని ఉంటారని డెన్నిస్ అంటాడు. అలాగే అయి ఉంటుంది. ఇట్లాంటివాళ్ళు ఊరు మారినప్పుడల్లా సిమ్ము మారుస్తారు. అన్ని రోజులు ఏం కాలేదు కాబట్టి ఇప్పుడూ ఏం కాదని కూడా అంటాడు. అన్ని రోజులూ చైను దగ్గర జానెడు సందు ఉందని మా ఇద్దరికీ తెలుసు.

అత్తమ్మ రాణి మాట ఎత్తదు. ఒక్కసారి మాత్రం, రెయిన్‌కోటు కుడుతూ, మిషను ఆపకుండానే అంది. “రాత్రి పండుకునేటప్పుడు మన పేరు తల్సుకుంటది గదనే ఆ పిల్ల. మనం సల్లగుండాలె అని.”

ఆ రెయిన్‌కోటు అయిపోయాక బల్బు పెట్టి చూశాం. ఒక్క చుక్క వెలుతురు బయటికి రాలేదు. అత్తమ్మ అద్దాలు తీసి ముక్కు నొక్కుకుంది. ఏమీ అనకుండా అద్దాలు పెట్టుకుంది.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. ఈ ఎండలకు గుడారం లోపల ఎవరూ నిప్పులు పెట్టుకోరు, తలుపు తీసే పడుకుంటారు. కొన్నాళ్ళుగా నాకు ఊపిరాడుతోంది. కానీ వానలు వస్తాయి. వానలకు లేత కంకులు వస్తాయి. రాణి బొగ్గులు రాజేస్తుంది, రాత్రికి చలేస్తుంది, చైను పైదాకా లాగుతుంది. ఆ చైను బాగా జారుతుంది.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఊరి జాతరలో, సంతలో, బస్టాండు వెనక, కట్టే బిల్డింగు పక్కన, ఎక్కడైనా ఒక నీలం గుడారం కనపడితే ఆగండి. తలుపు పక్కన నారింజ రంగు ముక్క ఉంటుంది. లోపల నేల మీద ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలుంటాయి. ఆమె పేరు రాణి. పొద్దెక్కినా ఎవరూ లేవకపోతే మొహమాటపడకండి, చైను లాగండి, అందరినీ బయటి గాలికి తీయండి. లేచే ఉంటే, అబిడ్స్ మాబెలమ్మ చెప్పిందనండి. కత్తెర తీసుకొని మాడ మీద కుట్టిన టోపీ గుడ్డను కోసేయండి. మా కుట్టు గట్టిది, విప్పుతూ కూర్చోకండి, కోసేయండి.

పాపకు ఈపాటికి పేరు పెట్టే ఉంటారు. ఆ పేరు నాకు తెలియదు. పడుకొని ఉంటే లేపకండి. దాని ముక్కు కింద ఒక్కసారి వేలు పెట్టి చూడండి.